కారు ఆంప్లిఫయరునకు గెయిన్ అమర్చు విధము

కారులో పెద్ద స్పీకర్లతో సంగీతము వినుటకు స్టీరియో, ఆంప్లిఫయరు, స్పీకర్లు అను మూడును కావలయును. స్టీరియోనుండి ఆంప్లిఫయరునకు వచ్చు సంకేతము మిగుల బలహీనమైనది. తఱచుగా అది రెండు మొదలు నాలుగు వోల్టుల వఱకే యుండును. దానిని స్పీకరును కదలింపగల బలము కలదానినిగా జేయునది ఆంప్లిఫయరు. దీనిపై గెయిన్ అను చిన్న మర యొకటి కలదు. శబ్దమును పెంచుటకే యది యున్నదని పలువురు తలంతురు. అది సరికాదు. స్టీరియో పంపు వోల్టులకును, ఆంప్లిఫయరు గ్రహింపగల వోల్టులకును పొత్తు కుదుర్చుటయే దాని పని. ఆంప్లిఫయరు సామర్థ్యమును అది ఒక్క వాట్టైనను పెంచజాలదు.

గెయిన్ మితిమీరిన నేమగును? ధ్వనితరంగమునకు గుండ్రని శిఖరము లుండును. ఆంప్లిఫయరు తనకు గల విద్యుత్సరఫరా యనుమతించు నెత్తువఱకే వానిని లేపగలదు. అంతకు మించిన భాగము తెగి, శిఖరము చదునగును. దీనినే క్లిప్పింగు అందురు. ఎత్తు సమానమైనను, పూర్తిగా చదునైన తరంగము నునుపైన తరంగమునకు రెట్టింపు శక్తి కలది. ఆ శక్తిలో చాల భాగము స్పీకరులోని సన్నని తీగచుట్టయందు వేడిగా మాఱును. చుట్ట మాడిన స్పీకరు మఱల పలుకదు.

తగిన హద్దును కనుగొనుటకు విద్యార్థులెఱిగిన ఓము సూత్రము తోడ్పడును. కొలోన్ నగరమున ఉపాధ్యాయుడుగా నుండిన జార్జి సైమన్ ఓము దీనిని 1827లో గ్రంథరూపమున వివరించెను. వాట్లను ఓములచే గుణించి వర్గమూలము తీసిన వోల్టులు వచ్చును. ఆంప్లిఫయరు 75 వాట్లు ఈయగలదనియు, 4 ఓముల స్పీకరు 50 వాట్లు భరించుననియు అనుకొందము. తక్కువదియగు 50నే గ్రహింపవలెను. 50 × 4 = 200; దీని వర్గమూలము సుమారు 14.1 వోల్టులు. ఈ లెక్కకు ఆర్.ఎం.ఎస్. వాట్లనే గైకొనవలెను గాని, పెట్టెపై పెద్ద యక్షరములతో ముద్రించిన గరిష్ఠపు వాట్లను గాదు.

ఇక పద్ధతి. పిల్లలు దీనిని పెద్దల సమక్షముననే చేయవలెను.

1. ఆంప్లిఫయరును ఆపి, స్పీకరు తీగలను ఊడదీయవలెను. గెయిన్ మరను కనిష్ఠమునకు త్రిప్పి, బేస్ బూస్టు మొదలగు వానిని నిలిపివేయవలెను.

2. కారును ఆరుబయట నిలిపి ఇంజను నడుపవలెను. మూసిన షెడ్డులో విషవాయువు నిండును. అటుపిమ్మట ఆంప్లిఫయరును మఱల పనిచేయింపవలెను.

3. స్టీరియో శబ్దమును గరిష్ఠములో నాల్గింట మూడు వంతులకు పెట్టవలెను.

4. పూర్తి స్థాయిలో రికార్డు చేసిన పరీక్షాస్వరమును వినిపింపవలెను. సబ్‌వూఫరునకు 50 హెర్ట్జులును, ఇతర స్పీకర్లకు 1000 హెర్ట్జులును తగును.

5. మల్టీమీటరును ఏ.సి. వోల్టులకు పెట్టి, స్పీకరు తీగలుండిన చోట తాకించి, గెయినును మెల్లగా పెంచవలెను. 14.1 చూపగానే ఆపవలెను.

6. అన్నిటిని ఆపి, తీగలను కలిపి, సంగీతమును తక్కువ శబ్దముతో మొదలిడి పరీక్షింపవలెను. గరగర వినవచ్చినచో గెయినును ఇంకను తగ్గింపవలెను.

ఇంత జాగ్రత్త వలన ధ్వని తగ్గునేమోయని శంకింప బనిలేదు. శక్తిని రెట్టింపు చేసినను పెరుగునది 3 డెసిబెళ్లే. అది చెవికి స్వల్పభేదము. శక్తిని పదిరెట్లు చేసిన 10 డెసిబెళ్లు పెరుగును. 80 డెసిబెళ్ల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చుననియు, 90 అయినచో 4 గంటలకే పరిమితి యనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. శక్తి పదిరెట్లైన కాలము పదవవంతయ్యెను గదా! మాడిన స్పీకరును మార్చుకొనవచ్చును. చెవిలోపలి సూక్ష్మకణములు నశించినచో అవి మఱల మొలవవు. కావున హద్దును కొలిచి తెలిసికొని, దానికి లోబడి వినుటయే వివేకము.