వార్తను ఎన్నుకొనుట – పంచాయతీ సభ్యుని బాధ్యత

పూర్వము పల్లెకు వార్త చేరు మార్గములు కొద్దిగా నుండెడివి. పంచాయతీ రేడియో, గ్రంథాలయమునకు వచ్చు దినపత్రిక, సంతకు పోయివచ్చినవారి మాట – ఇంతియే. నేడు కోనసీమ లంక గ్రామములలో సైతము చేతిలోని ఫోనునకు క్షణక్షణము సందేశములు వచ్చుచున్నవి. వార్తకు కొరత లేదు. దేనిని చదువవలెను, దేనిని విడువవలెను అను విచక్షణయే ఇప్పుడు అవసరమైనది. సభ్యుడు పంపిన సందేశమును గ్రామస్థులు పంచాయతీ మాటగా భావింతురు గనుక, ఈ విషయమున సభ్యుల బాధ్యత అధికము.

ఇందుకు దూరపు దృష్టాంతము వెదకనక్కరలేదు. కోనసీమ 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరుంచుటకై మే 18న ప్రభుత్వము ప్రాథమిక ప్రకటన వెలువరించినది. అభ్యంతరములు, సూచనలు గలవారు 30 దినములలో కలెక్టరునకు తెలుపవచ్చునని అందు పేర్కొనబడినది. వారము తిరుగకముందే, మే 24న అమలాపురములో నిరసన హింసగా మారినది. ఒక మంత్రి, ఒక శాసనసభ్యుని ఇండ్లు, కొన్ని బస్సులు అగ్నిపాలైనవి, పోలీసులు గాయపడిరి. జనమును సమీకరించుటకు వాట్సాప్ గ్రూపులు ఉపయోగపడినవని పోలీసులు తెలిపిరి. ఇంటర్నెట్ సేవలు కొన్ని దినములు నిలుపబడినవి. ఏ సందేశమునూ పంపని వర్తకుడును, విద్యార్థియు ఆ కష్టమును పంచుకొనవలసి వచ్చినది. ఆ పేరు అదే సంవత్సరమున ఖాయమైనది.

ఒక పేరును గూర్చి భిన్నాభిప్రాయము కలిగియుండుట పౌరుల హక్కు. దానిని తెలుపు మార్గము ప్రకటనలోనే యున్నది. ఉద్రేకపరచు సందేశము కోపమును త్వరగా అందించును. గడువును, అర్జీ చేర్చవలసిన చోటును అరుదుగా చెప్పును. కావున ఏ ఉత్తర్వును గూర్చి అలజడి కలిగినను, ముందు ఆ ఉత్తర్వు ప్రతిని తెప్పించి చదువవలెను.

ఆ సంవత్సరమే జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చినది. ధవళేశ్వరము వద్ద ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులు దాటినది. అచట నీటిమట్టము 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగులకు రెండవదానిని, 17.75 అడుగులకు మూడవదానిని జారీ చేయుదురు. ఈ మూడు అంకెలు తెలిసిన లంకవాసి ఎవరో పంపిన పాత వరద దృశ్యమును చూచి బెదరిపోడు. నిజమైన హెచ్చరికను అలక్ష్యము చేయడు. పశువులను ఎప్పుడు గట్టుకు తోలవలెనో, పడవ ఎప్పుడు ఎక్కవలెనో అతనికి తెలియును.

సందేశము చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడని మేము సూచించుచున్నాము. దీనిని మొదట చెప్పినదెవరు? ఇది ఏనాటిది, ఏ ఊరిది? ఇది మననుండి ఏమి కోరుచున్నది – ఆలోచననా, ఆవేశమునా? వీనికి సమాధానము దొరకనిచో దానిని ఇతరులకు పంపరాదు. నిత్యము కలహము పెంచు గ్రూపును విడిచిపెట్టుట అమర్యాద కాదు. దినములో వార్తలకొక వేళ నేర్పరచుకొని, నమ్మదగిన ఒకటి రెండు పత్రికలను పూర్తిగా చదువుట మేలు.

చెడ్డ వార్తను వలదనిన చాలదు. మంచిదానిని అందుబాటులో నుంచవలెను. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవలో గ్రంథాలయము నడిపి కాలువగట్టు పల్లెలకు పుస్తకములు చేర్చిరి. కాలువల నడుమ బ్రతుకు కోనసీమ వారికి ఆ కృషి విలువ వేరుగ చెప్పనక్కరలేదు. నేడు పంచాయతీలు ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేయవలసియున్నది. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలమున చేరుచున్నదా? గ్రామమునకు పత్రికలు వచ్చుచున్నవా? వచ్చినవి చదువుటకు బల్ల, దీపము ఉన్నవా? సభ్యులు విచారింపవలెను.

రాబోవు గ్రామసభలో ఈ మూడు పనులు చేపట్టుడని మా మనవి: గ్రామమునకు సంబంధించిన ఉత్తర్వులను పైకి చదివి వినిపించుట, వరద హెచ్చరిక అంకెలను పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుట, గ్రంథాలయ పన్ను లెక్కను ప్రజల ముందుంచుట.