ప్రాణం తీసింది ఎవరు?

గన్నవరం దగ్గర ఒక పల్లె. నాట్లు అయిపోయాయి. రాత్రి అన్నాలు తిని ఆడవాళ్ళు చదువుల కేంద్రానికి వచ్చారు. ఆ రోజు ఎవరూ పుస్తకం తెరవలేదు. అందరి నోటా ఒకటే మాట.

పక్క ఊళ్ళో ఒకడు తాగొచ్చి, భార్యని కర్రతో తల మీద కొట్టాడు. ఆమె తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంది. ఆ రోజు పొద్దున్నే చనిపోయింది.

"కొట్టిన రోజే పోలేదు గదా! డాక్టర్లు సరిగా చూడలేదంట. వాడి తప్పెలా అవుద్ది?" అంది ఒకామె.

"ఆమెకి ముందే జబ్బుందంట" అంది ఇంకొకామె.

"ఆయుష్షు తీరింది. మనమేం చేస్తాం?" అంది ఒక పెద్దావిడ. ఆవిడ కూతుర్ని ఆ ఊరే ఇచ్చారు.

టీచరమ్మ అందరి మాటా విన్నది. "పూర్వం జరిగిన ఒక కేసు చెబుతాను. తీర్పు మీరే చెప్పండి" అంది.

హల్వా కేసు

అప్పట్లో మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. పెద్ద కేసులు మద్రాసు హైకోర్టుకి వెళ్ళేవి.

ముసునూరు సూర్యనారాయణ మూర్తి అనే అతను ఇంకొక మనిషి పేర బీమా చేయించాడు. ఆ సంగతి ఆ మనిషికి తెలియదు. అతను చస్తే డబ్బు వస్తుందని మూర్తి ఆశ. అతన్ని ఒక బంధువుల ఇంటికి పిలిచాడు. విషం కలిపిన హల్వా పెట్టాడు. ఆ మనిషి కొంచెం తిని, మిగిలింది పారేశాడు. ఆ ఇంటి పిల్ల అది తీసుకుని తిన్నది. పిల్లకి 8, 9 ఏళ్ళు. మూర్తికి మేనకోడలు. హల్వా తిన్న మనిషి బతికాడు. పిల్ల చనిపోయింది.

"పిల్ల చావుకి కారణం ఎవరు?" అని అడిగింది టీచరమ్మ.

"పారేసినవాడు" అంది ఒకామె.

"అందులో విషం ఉందని వాడికి తెలియదు గదా!" అంది పక్కామె.

జడ్జీలకీ ఇదే చిక్కు వచ్చింది. మూర్తే కారణం అన్నారు బెన్సన్. మధ్యలో వేరేవాళ్ళ పనులు వచ్చాయి, మూర్తి కారణం కాదు అన్నారు సుందరయ్యర్. మూడో జడ్జీ అబ్దుర్ రహీం బెన్సన్ మాటే సరి అన్నారు. 1912లో మూర్తికి హత్యా నేరం కింద యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది.

ఒకరిని చంపబోతే ఇంకొకరు చనిపోయినా నేరం తగ్గదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో కూడా ఈ మాట ఉంది. అది 102వ సెక్షను.

కోర్టు ఏం చూస్తుంది?

మొదటిది: ఆ పని జరక్కపోతే ఆ ప్రాణం నిలిచేదా?

రెండోది: మధ్యలో వేరే కారణం వచ్చిందా? దెబ్బ తిన్న మనిషి ఆస్పత్రికి పోతుంటే పిడుగు పడి చనిపోయాడనుకోండి. కొట్టినవాడికి కొట్టిన నేరం తప్పదు. చావుకి మాత్రం పిడుగే కారణం.

మూడోది: ఏ ఉద్దేశంతో చేశాడు? నేరం ఎంత పెద్దదో దీన్నిబట్టి తేలుస్తారు.

జబ్బు మనిషిని కొట్టి, చావు తొందరగా వచ్చేలా చేస్తే, కొట్టినవాడే కారణం. దెబ్బ వల్ల చనిపోతే, మంచి వైద్యంతో బతికేదే అన్నా కొట్టినవాడే కారణం. ఈ రెండూ 100వ సెక్షనులో ఉన్నాయి.

పెళ్ళయిన 7 ఏళ్ళలోపు ఆడపిల్ల కాలిపోయో, గాయాలతోనో, అనుమానంగానో చనిపోతే ఇంకో సంగతి ఉంది. చావుకి కొద్ది ముందు కట్నం కోసం వేధించారని రుజువైతే, ఆ వేధించిన భర్తా, అత్తింటివాళ్ళే కారణమని కోర్టు అనుకుంటుంది. కాదని వాళ్ళే రుజువు చేసుకోవాలి. దీనికి శిక్ష 7 ఏళ్ళకి తగ్గదు. యావజ్జీవం దాకా పడవచ్చు.

రుజువు ఎలా?

చావుకి కారణం పోస్టుమార్టంలో తెలుస్తుంది. అది కాకుండా దహనం చేస్తే రుజువు కూడా కాలిపోతుంది. చనిపోయే మనిషి తనకేం జరిగిందో చెప్పిన మాట మరణ వాంగ్మూలం. అది కోర్టులో సాక్ష్యం. కళ్ళారా చూసినవాళ్ళ మాటా సాక్ష్యమే.

పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి నోరు తెరిచింది.

"ఆ రోజు నేను కూతురింట్లోనే ఉన్నా. వాడు కొట్టడం చూశా. మనకెందుకులే అని ఊరుకున్నా. ఆయుష్షు తీరలేదమ్మా. వాడు తీర్చేశాడు."

"ఇప్పుడేం చేద్దాం పిన్నీ?" అని అడిగింది టీచరమ్మ.

"పొద్దున్నే గన్నవరం స్టేషనుకి పోదాం. చూసింది చూసినట్టు చెబుతా. సంతకం కూడా నేనే పెడతా."

కొత్త మాటలు

వాంగ్మూలం: జరిగింది చెప్పి రాయించే మాట
సాక్షి: చూసింది చెప్పే మనిషి
ద్వీపాంతర శిక్ష: సముద్రం దాటించి దీవికి పంపే పాతకాలపు శిక్ష

ఆలోచించండి

1. హల్వా కేసులో మీరు జడ్జీ అయితే ఏమనేవారు? ఎందుకు?
2. "ముందే జబ్బుంది" అంటే కొట్టినవాడు తప్పించుకోవచ్చా?
3. పెద్దావిడ ముందు ఎందుకు ఊరుకుంది?