మధుమేహికి మామిడి పాయసం

మామిడిపండ్ల కాలంలో పాయసం వండుట అనేక గృహాలలో ఆనవాయితీ. ఇంటిపెద్దకు మధుమేహమని తెలిసిన నాటినుండి ఆయనకు వడ్డించుట మానివేయుటయో, "బెల్లంతో చేసినదే, ఏమీ కాదు" అని గిన్నె నిండా పెట్టుటయో జరుగుచుండును. రెండూ పొరపాట్లే.

బెల్లంలో అధికభాగం చక్కెరయే. రక్తంలో చేరిన పిదప అదియు పంచదారవలెనే పనిచేయును. బెల్లపు వంటకాలను చరకాచార్యులు ప్రమేహ కారణాలలోనే చేర్చియున్నారు. పెసలు మాత్రం ఈ వ్యాధిలో పథ్యమని చెప్పిరి. కావున తీపిని పండుకే విడిచి, చిక్కదనాన్ని పెసరపప్పుతో తెచ్చుకొనవలెను.

విధానం (నలుగురికి): పెసరపప్పు 60 గ్రాములు దోరగా వేయించి మెత్తగా ఉడికించవలెను. కాచిన పాలు 200 మి.లీ., ఏలకుల పొడి, చిటికెడు శొంఠి చేర్చి, రెండు పొంగులు రానిచ్చి దించవలెను. పూర్తిగా చల్లారిన పిదప బాగుగా పండిన తియ్యని మామిడి ముక్కలు 160 గ్రాములు కలపవలెను. పుల్లని పండు కూడదు. పాలు విరుగును, పాలతో పులుపు శాస్త్రరీత్యా విరుద్ధాహారం కూడ. బెల్లం, పంచదార, సగ్గుబియ్యం వేయరాదు.

ఒక్కొక్కరి వంతుకు మామిడి 40 గ్రాములు. అందలి చక్కెర సుమారు 6 గ్రాములు. పప్పులో, పాలలో కూడ పిండిపదార్థాలు కలవు కనుక ఆ పూట అన్నం కొంత తగ్గించవలెను. భోజనమైన రెండు గంటలకు రక్తపరీక్ష చేసికొనినచో తమకు సరిపడినదో లేదో తెలియును. మందులు మానరాదు. ఇన్సులిన్ వాడువారు, మూత్రపిండ వ్యాధి కలవారు ముందుగా తమ వైద్యుని సంప్రదించవలెను.

పెద్దాయనకు వేరు గిన్నె వలదు. ఇంటిల్లిపాదికీ ఇదే పాయసం వడ్డించండి. ఒక్కరికే విధించిన పథ్యం నిలువదు. ఇల్లంతా పాటించినది నిలుచును.