సైటేషన్ల లెక్క: రిటైరైన మాస్టారి పాఠాలు

నేను యూనివర్సిటీ నుంచి రిటైరయ్యాను కానీ, ఇంటికొచ్చే రీసెర్చి స్కాలర్లు తగ్గలేదు. ఇదివరకు వస్తే "సార్, ఈ ప్రయోగం ఎందుకు కుదరడం లేదు?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఫోను తీసి గూగుల్ స్కాలర్ పేజీ చూపించి, "హెచ్-ఇండెక్స్ ఎలా పెంచుకోవాలి సార్?" అంటున్నారు. వాళ్లని తప్పుపట్టను. ఉద్యోగాలూ ప్రమోషన్లూ ఆ అంకెల మీద నడుస్తుంటే పిల్లలు మాత్రం ఏం చేస్తారు? బయోకెమిస్ట్రీతో పాటు వాళ్లకి చెప్తూ వచ్చిన మాటల్ని, చెప్పినట్టే రాస్తున్నాను. వరసకు పెద్ద అర్థమేమీ లేదు.

1. ఆ అంకె ఎలా వస్తుందో ముందు కాగితం మీద వేసి చూడు.

హెచ్-ఇండెక్స్ అనేది హోర్హే హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 2005లో ప్రతిపాదించిన కొలత. నీ పేపర్లను సైటేషన్ల ప్రకారం, అంటే ఇతరులు తమ పేపర్లలో ఎన్నిసార్లు ఉదహరించారో చూసి, పైనుంచి కిందికి పేర్చు. 40, 18, 9, 5, 4, 1, 0 అనుకుందాం. నాలుగో పేపరుకు కనీసం 4 ఉండాలి, 5 ఉన్నాయి, సరే. ఐదో పేపరుకు 5 ఉండాలి, ఉన్నవి 4. అక్కడితో ఆగిపోతుంది. నీ ఇండెక్స్ 4. ఇప్పుడు మొదటి పేపరుకు 40 బదులు 4,000 వచ్చాయనుకో. ఇండెక్స్ ఎంత? అదే 4. జన్మకొక్క గొప్ప పని చేసినవాడు ఈ కొలతకు ఆనడు. ఇంకో సంగతి, మామూలుగా ఇది పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. నాది రిటైరయ్యాక కూడా పెరిగింది. అందుకోసం నేను చేసిందల్లా పొద్దున్నే కాఫీ తాగుతూ దినపత్రిక చదువుకోవడం.

అదే మనిషికి గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్‌లో ఒకటి, వెబ్ ఆఫ్ సైన్స్‌లో మరొకటి ఉంటాయి. ఎవరి జాబితాలో ఎన్ని పత్రికలుంటే అంత. బయోడేటాలో అంకె రాస్తే ఎక్కడిదో, ఏ తేదీదో కూడా రాయి.

2. ఎక్కువ సైటేషన్లు వచ్చేది పనికొచ్చే పేపరుకి. గొప్ప పేపరుకే వస్తాయని లేదు.

2014లో నేచర్ పత్రిక లెక్క తీస్తే, అన్నిటికంటే ఎక్కువగా ఉదహరించిన పేపరు 1951లో ఆలివర్ లౌరీ బృందం రాసినదని తేలింది. అప్పటికే 3 లక్షలకు పైగా సైటేషన్లు. అందులో ఉన్నదేమిటి? ద్రావణంలో ప్రోటీన్ ఎంత ఉందో కొలిచే పద్ధతి. అదేమంత గొప్ప పేపరు కాదని లౌరీ స్వయంగా అన్నాడు.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతీ అంతే. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రాసిన పేపరు భాస్వరాన్ని కొలిచే పద్ధతి. మా ల్యాబ్‌లో ఏటా కొత్త బ్యాచ్ చేత ఆ ప్రయోగం చేయించేవాణ్ణి. పరీక్షనాళికలో శాంపిల్, దాని మీద ఆమ్లంలో కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్, తర్వాత కొద్దిగా రిడ్యూసింగ్ ద్రావణం. కాసేపటికి నీలం రంగు తేలుతుంది. భాస్వరం ఎక్కువైతే నీలం చిక్కన, తక్కువైతే పలచన. కలరీమీటర్‌లో పెట్టి చదువుకోవడమే. పది పరీక్షనాళికలు స్టాండులో వరసగా లేత నీలం నుంచి ముదురు నీలానికి మారుతూ నిలబడితే, అంతవరకు ఆవులిస్తున్న కుర్రాడు కూడా ముందుకు వంగేవాడు. ఇదే జంట తర్వాత కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌నూ ఏటీపీనీ బయటపెట్టింది. జీవశాస్త్రంలో వీటి విలువ ముందు కొలిచే పద్ధతి ఎంత? కానీ ప్రపంచమంతా తిరగేసింది ఆ పద్ధతి పేపరునే, ఎందుకంటే ప్రతి ల్యాబ్‌కీ రోజూ దానితో అవసరం పడింది.

కాబట్టి నీ పేపరులో పద్ధతి భాగాన్ని తూతూమంత్రంగా రాయకు. ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత వేడి, ఎంతసేపు అన్నీ రాయి. నిన్ను ఎరగని మనిషి నిన్నేమీ అడక్కుండా ఆ పని చేసుకోగలగాలి.

3. మరీ పెద్ద పని చేస్తే సైటేషన్ రావడం మానేస్తుంది.

వింతగా ఉంటుంది కానీ నిజం. సి.ఆర్. రావు గారు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి కలకత్తా చేరారు. 25 ఏళ్ల వయసులో, 1945లో, కలకత్తా మేథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పేపరు వేశారు. స్టాటిస్టిక్స్ చదివే ప్రతి పిల్లవాడూ నేర్చుకునే క్రామర్–రావు అవధి అందులోనిదే. రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతానికి మూలం కూడా అదే. ఇవాళ వాటిని వాడుకునేవాళ్లలో ఎంతమంది 1945 నాటి బులెటిన్‌ని రెఫరెన్సుల్లో రాస్తారు? పాఠ్యపుస్తకంలోకి ఎక్కిన విషయానికి ఉదహరింపు అక్కర్లేదనుకుంటారు. రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త దీని గురించే రాశాడు, అందరిలో కలిసిపోవడం వల్ల కర్త పేరు చెరిగిపోతుందని. రావు గారి విషయంలో పేరు మిగిలింది, పేపరు చెరిగింది. 2023లో ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ప్రకటించినప్పుడు, ముందుగా చెప్పుకున్నది ఆ పాత పేపరు గురించే. అప్పటికి ఆయనకు 102 ఏళ్లు.

ఆ బులెటిన్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంతని నన్నెవరూ ఇంతవరకు అడగలేదు.

4. నీ పేరు ఒక్కటే పెట్టుకో, ఒక్కలాగే రాయి.

ఇది మన తెలుగువాళ్ల ప్రత్యేక కష్టం. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత, మధ్యలో వెంకట, సత్య, లక్ష్మి. మొదటి పేపరులో కె.వి.ఎస్. రావు, రెండోదానిలో సత్యనారాయణ కె., మూడోది అమెరికా పత్రిక కాబట్టి ఇంటిపేరు పూర్తిగా విప్పి చివర పెట్టడం. స్కోపస్ దృష్టిలో వీళ్లు ముగ్గురు. సైటేషన్లు మూడు వాటాలు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడపిల్లల గతి మరీ అన్యాయం, పీహెచ్‌డీ చేసిన మనిషి ఒకరు, ఉద్యోగం చేస్తున్న మనిషి ఇంకొకరు అయిపోతారు. దీనికి పూర్తిగా ఎదురు సమస్య కూడా ఉంది. దేశంలో కె.ఎస్. రావులు ఎంతమంది? అందరి పేపర్లూ ఒకడి ప్రొఫైల్లో వచ్చి పడతాయి. ఒక ఎంపిక కమిటీలో కూర్చున్నప్పుడు, రసాయనశాస్త్రం అభ్యర్థి జాబితాలో రొయ్యల చెరువుల మీద పేపర్లు కనిపించాయి. అడిగితే ఆ అబ్బాయి తెల్లముఖం వేశాడు. ఆ పేపర్లు అతనివి కావు. కానీ వాటి సైటేషన్లు మాత్రం అతని బయోడేటాలో చేరిపోయాయి.

సి.ఆర్. రావు గారి అసలు ఇంటిపేరు కల్యంపూడి. ప్రపంచం రావుని ఇంటిపేరు చేసింది. ఆయన కాలంలో అలా చెల్లిపోయింది. నీకు ఆర్కిడ్ నంబరుంది, 16 అంకెలు, 2012 నుంచి ఇస్తున్నారు, పైసా ఖర్చు లేదు. మొదటి పేపరు పంపకముందే తీసుకో.

5. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రికది. నీది కాదు.

గత రెండేళ్లలో ఆ పత్రిక వేసిన పేపర్లకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్ల సగటు అది. సగటు అంతా నాలుగైదు పేపర్లే లాక్కొస్తాయి. మిగతావి వాటి నీడన బతుకుతాయి. నీది ఏ గుంపులో ఉందో ఆ అంకె చెప్పదు.

6. రచయితల వరస పని మొదలుపెట్టకముందే మాట్లాడుకో.

ఇప్పటి పిల్లలకు తెలియదు కానీ, యూజీన్ గార్‌ఫీల్డ్ 1964 నుంచి అచ్చువేసిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ దిండంత సంపుటాలుగా లైబ్రరీకి వచ్చేది. చీమతలల్లాంటి అక్షరాలు, భూతద్దం లేకపోతే చదవలేం. అందులో ఉదహరించిన పేపర్లు మొదటి రచయిత పేరు కిందే ఉండేవి. అంటే సుబ్బారావు గారి 1925 పేపరుకి వచ్చిన వేల సైటేషన్లు ఫిస్కే పేరు కింద వెతుక్కోవాలి. రెండో పేరు ఆ పేజీలో లేదు.

ఇప్పుడు యూజీసీ 2018 నిబంధనల్లో వేరే తమాషా. ఇద్దరు కలిసి రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం మార్కులు. కూడితే 140. ఇద్దరికంటే ఎక్కువైతే ప్రధాన రచయితకు 70, మిగతా ప్రతివాడికీ 30. పేరు ఊరికే చేర్చమని వచ్చేవాళ్లు ఎందుకు పెరిగారో ఈ లెక్కే చెప్తుంది. పని చేయనివాడి పేరు పెట్టకు. పెట్టమని ఒత్తిడి చేసేది నీ గైడే అయితే కష్టమే, నాకు తెలుసు. అయినా ఎవరు ఏం చేశారో ఒక కాగితం మీద రాసి అందరికీ చూపించు. చాలాచోట్ల ఆ కాగితమే సగం పేర్లను రాలగొడుతుంది.

7. కొనుక్కునే అంకెకు విలువ కట్టకు.

"గౌరవనీయ డాక్టర్ గారూ, మీ విలువైన వ్యాసం పంపండి, మూడు రోజుల్లో ప్రచురిస్తాం" అని రోజూ మెయిలొస్తుంది. మూడు రోజుల్లో నీ పేపరు చదివి లోపాలు ఎత్తిచూపే మనిషి భూమ్మీద లేడు. హైదరాబాదు కేంద్రంగా ఇలాంటి పత్రికలు నడిపిన ఒక సంస్థను 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. సైటేషన్లు కూడా అమ్ముతున్నారు. 2024లో ఇద్దరు పరిశోధకులు, ఈ వ్యాపారం ఎంత సులువో చూపించడానికి, లారీ అనే పిల్లి పేరుతో దొంగ పేపర్లు తయారుచేసి, వాటిని ఉదహరించే దొంగ పేపర్లు మరికొన్ని పెట్టారు. గూగుల్ స్కాలర్ ఆ సైటేషన్లను గంభీరంగా లెక్కేసుకుంది. పిల్లికి హెచ్-ఇండెక్స్ వచ్చింది.

8. గణితం వాడితో క్యాన్సర్ వాడిని పోల్చకు.

గణితంలో పేపరు చివర పదిహేను రెఫరెన్సులుంటే, వైద్యంలో యాభై, అరవై. పంచేదే తక్కువైన చోట వచ్చేదీ తక్కువే. ఈ మాట ఎంపిక కమిటీల్లో చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

9. చదవనిదాన్ని ఉదహరించకు.

దీనికి వివరణ అక్కర్లేదు.

10. ఒక్క పేపరు పేరు చెప్పు.

అంకెల్ని చూసి మనిషిని తూచొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు ఒక ప్రకటన తయారుచేశారు. డోరా అంటారు. దాని మీద సంతకం పెట్టిన సంస్థలు చాలా ఉన్నాయి, పాటించేవి తక్కువ. అయినా మంచి కమిటీలో కూర్చున్న మంచి మనిషి ఎవరైనా చివరికి అడిగే ప్రశ్న ఒకటే: "నీ పేపర్లలో నన్ను ఒక్కటి చదవమంటే ఏది చదవమంటావు? ఎందుకు?" నేను అడిగినప్పుడల్లా, నలభై పేపర్లున్న అభ్యర్థులు తడబడటం, నాలుగున్నవాళ్లు కుర్చీలో ముందుకు జరిగి చెప్పడం చూశాను.

ఈ ఆదివారం ఒక గంట కూర్చో. నీ ప్రొఫైలు తెరిచి నీవి కాని పేపర్లు తీసేయ్, చీలిపోయిన పేర్లు కలుపు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చేటప్పుడు ఫోను జేబులోనే ఉంచి, ఆ ఒక్క పేపరు ప్రింటు తీసుకుని రా.