అందరూ ఒకేసారి మాట్లాడితే రిసీవర్ ఎలా వింటుంది?

జైనూర్ అంగడిలో నిలబడితే గోండి, మరాఠీ, ఉర్దూ, తెలుగు ఒక్కసారే చెవిన పడతాయి. అయినా మన భాషలో బేరమాడే మనిషి మాట మనకు అందుతుంది. పీజీలో సీడీఎంఏ పాఠాన్ని మేము ఈ అంగడితోనే అర్థం చేసుకున్నాము. 2002-03 ప్రాంతంలో రిలయన్స్, టాటా ఇండికాం ఫోన్లు ఈ పద్ధతిలోనే వచ్చాయి. ఆ సేవలు ఆగిపోయాయి గాని పాఠం పాతబడలేదు.

ఇందులో అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే సమయంలో పంపుతారు. ఒక్కొక్కరికి ఒక్కో కోడ్ ఉంటుంది. వచ్చిన సిగ్నల్‌ను ఎవరి కోడ్‌తో గుణించి కూడితే వారి మాట బయటపడుతుంది. దీనినే మ్యాచ్డ్ ఫిల్టర్ అంటారు. చిక్కల్లా కోడ్‌లు ఒకదానితో ఒకటి కొంత కలిసినప్పుడే.

మిత్రులారా, పెన్ను తీసుకోండి. టవర్ పక్కనున్న 'అ' కోడ్ (1, 1, 1, 1), బలం 10, పంపినది +1. దూరపు గూడెంలోని 'ఆ' కోడ్ (1, 1, 1, -1), బలం 1, పంపినది -1. రెండు కోడ్‌లను గుణించి కూడి 4తో భాగిస్తే 0.5; అంటే సగం పోలిక. అప్పుడు 'అ' ఫిల్టర్‌లో 10 - 0.5 = 9.5 వస్తుంది, సరే. 'ఆ' ఫిల్టర్‌లో -1 + 5 = +4! గూడెం మనిషి 'కాదు' అంటే టవర్‌కు 'అవును' అని వినిపించింది. దీనిని నియర్-ఫార్ సమస్య అంటారు. మా ఇంట్లో మాకు ముందు డిగ్రీ చదివినవారు లేరు. పీజీ క్లాసులో చివరి బెంచీ నుంచి అడిగిన సందేహం ముందు బెంచీల గోలలో ఎన్నిసార్లు మునిగిందో! అందుకే ఈ సమస్య మాకు వెంటనే తలకెక్కింది.

ఐఎస్-95 ఫోన్లలో దగ్గరివారి గొంతు తగ్గించేందుకు సెకనుకు 800 సార్లు పవర్ సరిచేసేవారు. రెండో దారి రిసీవర్‌నే మార్చడం. 1986లో సెర్గియో వెర్దూ అందరి మాటలనూ కలిపి ఒకేసారి తేల్చే ఉత్తమ రిసీవర్‌ను చూపారు. కాని అన్ని అవకాశాలనూ సరిచూస్తే 30 మందికి 2^30, అంటే 107 కోట్లకు పైగా! అందుకని తేలిక పద్ధతి డీకోరిలేటర్: 'ఆ' ఫలితం నుంచి 'అ' ఫలితంలో సగం తీసేయాలి. 4 - 4.75 = -0.75. గుర్తు మైనస్, జవాబు సరి. ఉచితంగా మాత్రం కాదు, నాయిస్ కొంత పెరుగుతుంది. ఆ రెండింటినీ తూకం వేసేది ఎంఎంఎస్ఈ రిసీవర్. ఇప్పటి 4జీ, 5జీ టవర్లు అనేక యాంటెన్నాలతో ఒకే ఫ్రీక్వెన్సీలోని మనుషులను విడదీసేది కూడా ఇలాంటి లెక్కతోనే.

'అ' బలం 10 బదులు 100 వేసి చేయండి. 49 - 49.75, మళ్లీ -0.75 వస్తుంది.