విశ్లేషణ విద్య

ఖమ్మం విపణికి చేరే తేజ మిరప ఘాటుకు ప్రసిద్ధి. భద్రాచలం మన్యంలో ఇప్ప పూలు, అడవి తేనె గిరిజనులకు జీవనాధారాలు. వీటి నాణ్యతను కంటిచూపు కొంతవరకే చెప్పగలదు. మిరపపొడి ఎరుపు సహజమైనదో కాదో, సారాలో విషతుల్యమైన మిథైల్ ఆల్కహాలు కలిసినదో లేదో తేల్చవలసినది రసాయన విశ్లేషణే.

మిశ్రమంలోని పదార్థాలను విడదీసే విధానాలలో క్రోమటోగ్రఫీ ముఖ్యమైనది. రష్యా శాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెత్ ఆకులలోని వర్ణకాలను రంగుల పట్టీలుగా వేరుచేసి, 1906లో ఈ విధానానికి ఆ పేరు పెట్టాడు. ఇందులో గొట్టంలో కదలక ఉండేది స్థిర ప్రావస్థ, పదార్థాలను మోసుకొనిపోయేది చలన ప్రావస్థ. స్థిర ప్రావస్థను గట్టిగా అంటిపెట్టుకొనే పదార్థం ఆలస్యంగానూ, పట్టు తక్కువగలది ముందుగానూ వెలికివస్తాయి.

చలన ప్రావస్థ వాయువైతే అది వాయు క్రోమటోగ్రఫీ. హీలియం వంటి వాయువు, వేడిచేసిన సన్నని గొట్టం గుండా నమూనా ఆవిరిని తీసుకొనిపోతుంది. కనుక చెడిపోకుండా ఆవిరి కాగల పదార్థాలకే ఇది తగినది. మిథైల్ ఆల్కహాలు సుమారు 65, ఇథైల్ ఆల్కహాలు 78 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతాయి. సారాలోని ఈ రెండూ ఇందులో సులభంగా విడిపోతాయి.

తేనెలోని చక్కెరల తీరు వేరు. బెల్లాన్ని మూకుడులో అతిగా కాస్తే ఆవిరి కాదు, మాడిపోతుంది. అట్టి పదార్థాలకు ద్రవ క్రోమటోగ్రఫీ అనువైనది. నమూనాను ద్రావణిలో కరిగించి, అధిక పీడనంతో గొట్టం గుండా పంపుతారు. మిరప ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్‌ను సాధారణంగా ఇలాగే కొలుస్తారు. 2003లో భారతదేశపు మిరప ఉత్పత్తులలో సూడాన్ అనే నిషిద్ధ రంగును ఫ్రాన్సు కనుగొన్నది. ఆ పిమ్మట పరీక్షాపత్రం లేని మిరపను ఐరోపా సమాజం అనుమతించలేదు. ఆ రంగును పట్టేదీ ద్రవ క్రోమటోగ్రఫీయే. ఒకరి కల్తీ వేలమంది రైతుల నోటికాడి కూడుకు ఎసరు పెట్టగలదు.

మరి ఈ రెండింటిలో ఏది మిన్న? ఒకే మిరపకాయపై రెండు పురుగుమందుల శేషాలు ఉండవచ్చు. 2011లో సుప్రీంకోర్టు నిషేధించిన ఎండోసల్ఫాన్‌ను వాయు పద్ధతి చక్కగా చూపుతుంది. వేడికి చెడే ఇమిడాక్లోప్రిడ్‌కు ద్రవ పద్ధతి తగినది. కావున ఒక యంత్రానికి కనబడనంత మాత్రాన నమూనా నిర్దోషమని తీర్మానించరాదు. వెదికే పదార్థ స్వభావమే సాధనాన్ని నిర్ణయించాలి.

ప్రశ్నలు
1. వాయు, ద్రవ క్రోమటోగ్రఫీల భేదాలను సోదాహరణంగా వివరించండి.
2. ఒక్క సాధనంతోనే నమూనాను నిర్దోషమని ఎందుకు తీర్మానించరాదు?