కాల్షీట్ పోయినా మాత్ర ఆగకూడదు: హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న సినీ కార్మికుల హక్కులు

హైదరాబాద్‌లోని ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ స్టూడియోల్లో పనిచేస్తూ కృష్ణానగర్ గదుల్లో బతికే లైట్‌మన్‌కో, జూనియర్ ఆర్టిస్టుకో డాక్టర్ 'హార్ట్ ఫెయిల్యూర్' అని చెబితే గుండె జారిపోతుంది. ఆ వెంటనే ఖర్చు గుర్తొస్తుంది. ఆ భయంతో వైద్యం మానేయకూడదు. తరచూ ఎదురయ్యే ప్రశ్నలకు జవాబులివి.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడమా?
కాదు. ఒంటికి కావలసినంత రక్తాన్ని గుండె పంప్ చేయలేకపోవడం. పాత గుండెపోటు, అదుపు తప్పిన బీపీ, వాల్వ్ జబ్బు, మద్యం వంటివి దీనికి కారణాలు. నడిస్తే ఆయాసం, కాళ్ల వాపు, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం లక్షణాలు. ఎకో పరీక్షలో పంపింగ్ ఎంత తగ్గిందో తెలుస్తుంది. పంపింగ్ తగ్గినవారికి ఆయుష్షు పెంచే మందులు నాలుగు రకాలు: సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ లేదా రామిప్రిల్ వంటివి, బీటా బ్లాకర్లు, స్పైరనోలాక్టోన్ రకం, డాపాగ్లిఫ్లోజిన్ రకం. ఒంట్లో చేరిన నీరు పోవడానికి ఫ్యూరోసెమైడ్ (నీళ్ల మాత్ర) ఇస్తారు.

ఆయాసం తగ్గింది. మందులు ఆపేయొచ్చా?
డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు. ఆయాసం తగ్గింది ఆ మందులవల్లే. రోజూ పొద్దున్నే బరువు చూసుకోండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే డాక్టర్‌కు చెప్పండి. ప్రొడక్షన్ భోజనంలో ఉప్పు ఎక్కువుండే పచ్చడి, అప్పడం పక్కన పెట్టండి. నడుం నొప్పికని డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ సొంతంగా వేసుకోకండి, అవి ఒంట్లో నీటిని నిలబెడతాయి.

అవుట్‌డోర్‌లో టాయిలెట్ లేదని నీళ్ల మాత్ర మానేస్తున్నాను. ఏం చేయాలి?
మాత్ర వేసుకునే వేళ మార్చవచ్చేమో డాక్టర్‌ను అడగండి. పనిచోట మరుగుదొడ్డి, తాగునీరు ఏర్పాటు చేయడం పని ఇచ్చేవారి బాధ్యత. ప్రొడక్షన్ మేనేజర్‌ను అడగడానికి సిగ్గుపడొద్దు. ఒక్కరే అడగలేకపోతే యూనియన్ ద్వారా అడగండి.

ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా?
తెలంగాణలో రేషన్ కార్డున్న కుటుంబాలకు రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు 9 నుంచి రూ.10 లక్షలు. జాబితాలోని గుండె చికిత్సలు నెట్‌వర్క్ ఆసుపత్రిలో నగదు లేకుండా జరుగుతాయి. చేరగానే ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో ఉండే ఆరోగ్యమిత్రను కలవండి. ప్యాకేజీలోని చికిత్సకు అదనంగా డబ్బు అడిగితే 104కు ఫిర్యాదు చేయండి. ఆంధ్రప్రదేశ్ కార్డున్నవారు తమ రాష్ట్ర పథకం కింద హైదరాబాద్‌లో ఏ ఆసుపత్రి ఉందో ముందే కనుక్కోవాలి.

మా నాన్నకు 72 ఏళ్లు. రేషన్ కార్డు లేదు.
70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏటా రూ.5 లక్షల వైద్యం ఆయుష్మాన్ భారత్ కింద 2024 అక్టోబరు నుంచి ఉంది. ఆధార్‌తో వయ వందన కార్డు తీసుకోండి.

స్టూడియోలో నెల జీతగాడిని. పనికి వెళ్లలేకపోతే?
నెల వేతనం రూ.21,000 లోపుంటే జీతం చీటీలో ఈఎస్‌ఐ కోత ఉందేమో చూడండి. మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఈఎస్‌ఐ దీర్ఘకాల జబ్బుల జాబితాలో హార్ట్ ఫెయిల్యూర్ ఉంది. రెండేళ్ల సర్వీసు, అంతకుముందు నాలుగు చందా కాలాల్లో 156 రోజుల చందా ఉంటే వేతనంలో 80 శాతం గరిష్ఠంగా రెండేళ్లు వస్తుంది. కాల్షీట్ మీద పనిచేసేవారికి ఈ రక్షణ చాలావరకు అందడం లేదు. ఇది పరిశ్రమ సరిదిద్దుకోవలసిన అన్యాయం.

అడ్వాన్స్ కట్టందే చేర్చుకోమంటే?
ప్రాణాపాయంలో ఉన్నవారికి వైద్యం అందించడం ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరి బాధ్యతని సుప్రీంకోర్టు 1989లో పరమానంద కటారా కేసులో చెప్పింది. ముందు ప్రాణం నిలబెట్టాలి, లెక్కలు తర్వాత. కేసు షీటు కాపీలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 నాటి వైద్య నియమావళి.

నెలనెలా మందుల ఖర్చు తగ్గేదెలా?
మందు జెనరిక్ పేరు స్పష్టంగా రాయమని అడగండి. 2002 నాటి వైద్య నియమావళి డాక్టర్లకు చెబుతున్నదీ అదే. ఆ చీటీతో, జెనరిక్ మందులు చవకగా దొరికే జన ఔషధి కేంద్రానికి వెళ్లండి.

గుండె మార్పిడి అవసరమైతే?
మందులు, పరికరాలు పనిచేయని కొద్దిమందికే అది. ఆసుపత్రి ద్వారా అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు కావాలి. డబ్బిచ్చి అవయవం కొనడం 1994 చట్టం ప్రకారం నేరం. బ్రెయిన్‌డెడ్ అయిన ఒక రైతు గుండె 2021 ఫిబ్రవరి 2న నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైల్లో వచ్చింది. దాత కుటుంబం ఒప్పుకోబట్టే అది సాధ్యమైంది.

ఎకో రిపోర్టు, మందుల చీటీ, రేషన్ కార్డు, ఆధార్, యూనియన్ కార్డు ఒకే ఫైల్‌లో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు చెప్పండి. వైద్యం మీ హక్కు, గట్టిగా అడగండి.